చిక్కటి సూపు

కోర్టులో నేను సాక్షి బోనెక్కేముందు మా ఆయన లేజర్ చెవిలో చెప్పాడు. "అంతటి చోటి నుంచి బతికొచ్చిన దానివి ఫ్రుమా, బోనుకు జడుస్తావా?"

ఎదురుగా కూర్చున్నవాడు యుద్ధకాలంలో చావు శిబిరంలో మా షెడ్డు కాపలాదారు. అమ్మానాన్నలను గ్యాసు గదిలోకి తోలింది వాడే. నా మాట నిలవకపోతే దర్జాగా ఇంటికి పోతాడు.

వాడి లాయరు నవ్వుతూ లేచాడు. "ఏమ్మా, మావాడు మీకెప్పుడైనా మంచి తిండి పెట్టాడా? నిజం చెప్పాలి."

"పెట్టాడండీ, ఒక్కరోజు. మాంసం ముక్కలు వేసిన చిక్కటి సూపు. గిన్నె నిండా."

హాల్లో గుసగుసలు లేచాయి. లేజర్ ముఖం పాలిపోయింది.

"విన్నారుగా, ఎంత జాలిగుండో!" అన్నాడు లాయరు జడ్జిగారితో. ఇక దిగమని నాకు చెయ్యి ఊపాడు.

నేను దిగలేదు.

"ఆ రోజు యోమ్ కిప్పూర్ అండీ. మేం యూదులం ఆ రోజు పచ్చి మంచినీళ్లయినా ముట్టం. అది తెలిసే వండించాడు. మేం ఎగబడి తింటుంటే చూసి నవ్వుకుందామని. మా అక్క తన గిన్నె వాడి బూట్ల మీద బోర్లించింది. 'రోజూ మాడ్చేవాడివి, ఇవాళ ఈ మర్యాదేంట్రా?' అంది. అక్కడే కాల్చేశాడు."

లాయరు గొంతు తగ్గింది. "మరి నువ్వు తిన్నావా?"

"నేనూ బోర్లించాను, నా మీద పేల్చిన తూటా గురి తప్పింది. నా వెనక వరుసంతా బోర్లించింది. వాడి తూటాలు అయిపోయాయి గానీ మా గిన్నెలు అయిపోలేదు. అక్కడ రోజూ ఆకలి వాళ్లు పెట్టిందేనండీ. ఆ ఒక్కరోజు ఆకలి మాత్రం మాది."