బల్లెక్కే ముందు

“కన్ను పోయినోళ్లు ఎవురో చెప్పు. ఆ మాట చెప్పందే బల్లెక్కను” అంది లింగమ్మ.

1986లో ఆళ్లగడ్డ బడిలో కంటి శిబిరం అది. కంట్లోని పొర తీసి, లోపలే చిన్న అద్దం అమర్చే కొత్త ఆపరేషన్. ఇక సోడాబుడ్డి కళ్లజోడు అక్కర్లేదని నంద్యాల నుంచి వచ్చిన డాక్టర్ చక్రపాణి మైకులో చెప్పాడు. వరండా నిండిపోయింది.

కుడికంట్లో చుక్కల మందు వేసి లింగమ్మను వరసలో ముందు నిలబెట్టారు. ఆమె కదలడం లేదు. తల మీది కొంగును ఎడమ చెంప మీదికి లాక్కుని, మగ డాక్టరు ముందు కొత్తకోడలిలా నిలబడింది. నోరు మాత్రం కోడలిది కాదు.

“అందరికీ బాగైందిలే అవ్వా” అన్నాడు కాంపౌండరు యేసుదాసు.

“నిన్నడగలేదప్పా. కోసే ఆయన్ను అడుగుతాండా.”

వరసలో వెనకున్న శేషయ్య అరిచాడు. “ఏందక్కా, నీవేమన్నా ఇంద్రుని కండ్లా? బిరీన ఎక్కు!”

“ఆయప్పకు వెయ్యి కండ్లు. ఒకటి పోయినా తెలీదు. నాకట్ల కాదు.”

అందరూ నవ్వారు. డాక్టరు నవ్వలేదు. లేచి దగ్గరకొచ్చాడు.

“నిరుడు నంద్యాలలో ఒకామెకు పోయిందవ్వా. చీము పట్టిందని తర్వాత ఎవరో చెప్పినారు. ఆమె మళ్లీ రాలేదు. వెతికించినా. దొరకలేదు.”

“రానోళ్లకు బాగైనట్టే అనుకుంటిమి” అని గొణిగాడు యేసుదాసు.

“యాడ బాగైంది? నా రాత ఇంతే అని మూలన కూచోనుంటారు.” లింగమ్మ డాక్టరు వైపు తిరిగింది. “ఆయమ్మ ముఖం గుర్తు లేదా?”

“ముఖమంతా గుడ్డ కప్పుతాం. కన్నొక్కటే కనపడేది.”

“ఏం చెప్పి పంపినావు?”

“కంటికి నీళ్లు తగలనియ్యొద్దని చెప్పినా.”

“మరి తీర్థం?”

డాక్టరుకు అర్థం కాలేదు.

“చూపొస్తే అహోబిళానికి మొక్కు తీర్చను పోతాం. తీర్థం తాగి, తడిచెయ్యి కండ్లకద్దుకుంటాం. సామి తీర్థాన్ని నీళ్లని ఎవురనుకుంటారు నాయనా?”

దేవుడి తీర్థాన్ని వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది? చెప్పకపోతే కన్ను పోతుంది.

“చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే” అన్నాడు డాక్టరు. “యేసుదాసూ, ఇంటికి పోయే ప్రతి ఒక్కరికీ చెప్పు. పుండు మానేదాకా తీర్థం నోటికే. కంటికి వద్దు.”

“ఆ మాట కోసమే వచ్చినా. ఇంక చెయ్యి.”

లింగమ్మ బల్లెక్కింది. పొద్దుటి నుంచీ ఎడమ చెంప మీద పట్టుకున్న కొంగును వదిలేసింది. ఆ పక్క కన్ను తెల్లగా పూడిపోయి ఉంది.

“ఇది నిరుడు నువ్వు చేసిన కన్ను నాయనా, ఇప్పుడు రెండోది ఇస్తాండా.”