మూడు మెట్ల ప్రసంగం

"మొదట్లోనే ఏడుపు ముఖం పెట్టకండి. మూడో మెట్టు దాకా దాచుకోండి," అంది భార్య ప్రేమకుమారి, బెండకాయలు తరుగుతూ.

రాజబాబు గొంతు సవరించుకుని ప్రసంగం మళ్ళీ మొదలెట్టాడు. షేక్‌పేటలోని ఆ రెండు గదుల వాటాలో పొద్దున్నుంచీ ఇదే తంతు. మాటల రచయిత చలపతిరావు దగ్గర అతను పద్నాలుగేళ్ళుగా ఘోస్టు. రాసేది రాజబాబు, తెర మీద పేరు చలపతిరావుది, సన్మానాల్లో శాలువాలూ ఆయనవే. జ్వరం వచ్చినప్పుడు కప్పుకోమని ఒక పాత శాలువా రాజబాబుకు ఇచ్చాడు, లేదని అనకూడదు.

ఇవాళ అటో ఇటో తేలిపోవాలి. కొత్త సినిమా టైటిల్స్ సోమవారం ల్యాబ్‌కి వెళ్తాయి. వాటిలో తన పేరు వేయమని అడగబోతున్నాడు. వేయనంటే వేరే దారి లేకపోలేదు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తమ ఉద్యోగులకు మాట్లాడటం నేర్పడానికి రమ్మంటోంది. కంప్యూటరు ముట్టుకున్న ప్రతివాడూ అమెరికావాడితో ఫోన్లో మాట్లాడాల్సి వస్తున్న రోజులవి మరి. సాయంత్రం అయిదింటిలోగా ఏ సంగతీ చెప్పమన్నారు.

ఒప్పించే విద్య రాజబాబు చదువులోనే ఉంది. పాస్టరు కావాల్సినవాడు. గుంటూరు వైపు వేదాంత కళాశాలలో గ్రీకు వక్తల మూడు మెట్లూ వల్లె వేశాడు. ముందు వినేవాడికి నీ మీద నమ్మకం కుదరాలి. తర్వాత కారణం చూపాలి. చివర్న గుండె కరిగించాలి. ఆ పైన బైబిల్లోని ఒక అపొస్తలుడి చిట్కా కూడా పట్టాడు. పారిపోయిన దాసుణ్ణి మళ్ళీ చేర్చుకోమని యజమానికి ఉత్తరం రాస్తూ, ఆ యజమానికి తాను చేసిన మేలు మాట ఎత్తనంటూనే ఎత్తేశాడాయన. ఆ ఒక్క చిట్కాతో రాజబాబు ఎంతోమంది హీరో తండ్రుల చేత హాలు హాలంతటినీ ఏడిపించాడు.

ఏ సినిమాకి ఏం రాశాడో మాత్రం నెల తిరిగేసరికి మర్చిపోతాడు. వారానికి ఇరవై సీన్లు రాసేవాడికి గుర్తు పెట్టుకునే తీరికేది? అతని కోడిగీతల్ని ప్రేమకుమారి కుదురుగా తిరగరాస్తుంది, చలపతిరావు పట్టుకెళ్తాడు. పూర్తయిన సినిమాల మాటలు తెర మీదికి వెళ్తాయి, ఆగిపోయినవాటివి ఆయన బీరువాలోకి వెళ్తాయి.

మూడింటికి ఫిల్మ్‌నగర్ ఆఫీసులో రాజబాబు మొదటి రెండు మెట్లూ తడబడకుండా ఎక్కేశాడు. మూడో మెట్టు మీద గొంతు కూడా సరిగ్గా సమయానికి వణికింది.

"అంటే, పేరు కావాలంటావ్," అన్నాడు చలపతిరావు.

"మీ పేరు కింద, చిన్న అక్షరాలతో అయినా సరేనండీ."

"అదికాదోయ్... అంటే... ఇదేంటంటే మరి..."

చలపతిరావు సొంత మాటల భాండాగారం అంతవరకే. ఆయన లేచి, "ఉండు, బీపీ మాత్ర వేసుకొస్తా," అని లోపలి గదిలోకి వెళ్ళాడు.

పది నిమిషాలైంది. లోపల ఇనప బీరువా కిర్రుమంది. ఇరవై ఏళ్ళుగా ఆ ఆఫీసులో టీలు అందిస్తున్న భిక్షం కప్పు తెచ్చి పెట్టాడు.

"గోలీ దొరుకుతలేదో ఏందో, పెద్దసారు బీరువంత కిందమీద జేస్తుండు. జర కూసోండ్రి."

పెద్దాయనకి బీపీ తెప్పించానే అని రాజబాబు తెగ నొచ్చుకున్నాడు.

చలపతిరావు వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఈసారి తడబాటు లేదు.

"రాజబాబూ, నువ్వు నా గుమ్మం తొక్కిన రోజు జోరు వాన. గొడుగు బయట పెట్టమంటే పెట్టలేదు నువ్వు. నీకున్న ఆస్తి అదొక్కటే."

రాజబాబు వచ్చింది మండు వేసవిలో. అయినా ఆ వాన అతని కళ్ళకు కట్టింది.

"ఇంటికి పునాది కనపడదు. కనపడిందంటే ఇల్లు కూలుతోందని అర్థం." ఆయన కుడిచెయ్యి ముందుకు చాపాడు. "నీకు అన్నం పెట్టిన చెయ్యి ఇదేనని నేను ఎన్నడూ అనను. అనాల్సిన రోజు వస్తే ఈ చెయ్యి ఉండి ఎందుకు?"

రాజబాబుకు బొటబొటా కన్నీళ్ళు కారాయి. ఏడుస్తూనే లెక్క చూసుకున్నాడు. నమ్మకం, కారణం, కన్నీళ్ళు, మూడూ వరసలోనే ఉన్నాయి. చివర్న ఎత్తనంటూనే ఎత్తేయడం కూడా. ఏ కళాశాల గడపా తొక్కని మనిషికి అపొస్తలుడి చిట్కా ఎలా అబ్బింది? ఇలాంటి మహానుభావుడికి రాయడం రాదని పద్నాలుగేళ్ళు లోలోపల నవ్వుకున్నాడు తను. సిగ్గుతో చచ్చిపోయాడు.

"మీ పక్కన నా పేరేంటండీ, అపచారం," అన్నాడు. అక్కడికక్కడే కంపెనీకి ఫోన్ చేసి రానని చెప్పేశాడు. చలపతిరావు తన సెల్‌ఫోన్ ఇవ్వడమే కాదు, రాజబాబు జేబులోని చీటీ చూసి నంబరు కూడా నొక్కి పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి బెండకాయ వేపుడు వాసన వస్తోంది.

"పేరు వేస్తానన్నారా?" అంది ప్రేమకుమారి గుమ్మంలోనే.

"పేరుదేముందిలే. ఆయన మాట్లాడితే వినాలి ప్రేమా. అసలు రచయిత ఆయన, నేనెంత? కంపెనీ వాళ్ళకి కూడా రానని చెప్పేశాను."

ఆమె గరిటె పక్కన పెట్టింది. "అంతగా ఏమన్నారేంటి?"

"ఒక్క ముక్క చెప్తా విను. 'ఇంటికి పునాది కనపడదు' అన్నారు."

"కనపడిందంటే ఇల్లు కూలుతోందని అర్థం," అంది ఆమె.

"అచ్చం అదే. నీకెలా తెలుసు?"

ప్రేమకుమారి స్టవ్ ఆపి, మొగుడి ముఖం కేసి జాలిగా చూసింది.

"ఆగిపోయిన జమీందారు సినిమాకి మీరు రాసిందే కదండీ."