తిరగేసి అల్లిన పోచ

నేను గిజిగాణ్ణి. నా గూటిని చూస్తే తుఫానులే పక్కదారి పట్టేవి. ఒక ఏడాది సముద్రాల అవతలి నుంచి వలస వచ్చిన పిట్ట, "మావా, అల్లిక నేర్పు, మా దేశంలో నీ పేరు చెప్పుకునే కట్టుకుంటాం" అంది. నేర్పాను.

మరుసటి ఏడు అదే పిట్ట, నెమలి పెద్దగా కూర్చున్న పక్షుల సభలో రొమ్ము విరుచుకుంది.

"ఈ అల్లిక మా తాతలది. ఇకమీదట గిజిగాడు మా అనుమతి లేనిదే గూడు కట్టకూడదు."

నా పిల్లలకి గూడు పోయేలా ఉంది. నేను తొణక్కుండా దాని గూడు చూపించి అడిగాను.

"వాకిట్లో ఈ ఒక్క పోచ తిరగేసి అల్లావేం, అల్లుడూ?"

"అది మా తాతల ఆచారం."

"నా గూళ్లలో ఎక్కడా లేదే. నెమలి పెద్ద చూస్తుండగా నీకొక్కదానికే అలా నేర్పాను, గుర్తు కోసం."

నెమలి తలూపింది. సభ నవ్విన నవ్వుకి మూడు కొండల అవతల తాటిపళ్లు రాలాయి.

ఇప్పుడా పిట్టే గూడు మొదలుపెట్టే ముందు నా అనుమతి అడుగుతుంది. తుఫానులైతే ఎప్పట్నించో అడుగుతున్నాయి.