బంద్ నాటి బండ

"జర జరుగు నవనీతా, నీ కెమెరా స్టాండు కాళ్లు పెట్టిన జాగలనే నా స్టాండు పెట్టాలె" అన్నడు రాకేశ్.

నవనీత నవ్వుకుంట జరిగింది. తెలంగాణ కోసం మళ్ల బంద్ పిలిచిన్రు గనక ఇద్దరికీ ఆఫీసు లేదు. మాదాపూర్ రోడ్డు మీద కుక్కలు గూడ సెలవు పెట్టినయి. ఆఫీసు గోడకు నవనీత తీసిన బండల ఫోటోలు ఎక్కిన కాన్నుంచి రాకేశ్ కడుపుమంట మీద ఊరందరికీ చాయ్ కాచొచ్చు.

అదే బండ, అదే జాగ, అదే లెన్స్. ఆమె ఇందాక తీసినప్పుడున్నసొంటి మబ్బు వచ్చేదాంక ఆగి మరీ నొక్కిండు.

"ఏందిది! నీ ఫోటోల బండ కొండ లెక్కుంది, నా దాంట్ల ఆలుగడ్డ లెక్కుంది!"

"నీ బండ పక్కన బస్సు లేదు, ఆటో లేదు, మనిషి లేడు. ఇగ అదెంత పెద్దదో ఎట్ల తెలుస్తది?"

"మరి ఈ బంద్‌ల నీకెవరు దొరికిన్రు?"

నవనీత ఇందాకటి ఫోటోను తన కెమెరాల పెద్దగ చేసి చూపించింది. బండ కింద చీమంత మనిషి, ఎక్కడ నిలవడాల్నో తెల్వక నెత్తి గోక్కుంటున్నడు. రాకేశే.

"నువ్వెప్పుడూ నా సుట్టే తిరుగుతవ్ గద. గోడ మీది ఫోటోలల్ల గూడ నువ్వే. నువ్వు లేకుంటె నాయి గూడ ఆలుగడ్డలే."

రాకేశ్ ఆ ఫోటోలను కండ్లు పేలేటట్టు చూసిండు గని, అండ్ల తనను చూసుకోలే.

"అయితే నాకోసం నువ్వు పోయి నిలవడు" అన్నడు మెల్లగ.

ఆమె పోయి నిలవడ్డది. బండ కొండైంది. రాకేశ్ ఫోటో చూసుకున్నడు, మళ్ల కడుపు మండింది.

నిలవడుడు గూడ ఆమెకే మంచిగొస్తది.