రెండో సంతకం

“ఈ గీత మార్చకపోతే నేను సంతకం పెట్టను,” అంది అర్గిరో, పటం మీద వేలు ఆనించి.

స్తాథిస్ ఐసు కాఫీ గ్లాసు పక్కకు జరిపి ఆ వేలి కిందికి చూశాడు. ఏథెన్స్ నగరం చుట్టూ సైకిళ్ళ మీద ఒక పూర్తి చుట్టు, రెండు వందల పది కిలోమీటర్లు. సముద్రం ఒడ్డున మొదలై, పార్నిథా కొండ వెనకనుంచి తిరిగి మళ్ళీ సముద్రానికి దిగుతుంది. ఆ దిగుడు దగ్గరే పేచీ. రేపు ఆదివారం నలభై మంది బయలుదేరాలి. వాళ్ళ సైకిలు సంఘంలో దారి కాగితం మీద రెండు సంతకాలుండాలి. గీసిన మనిషిది ఒకటి, తొక్కి చూసిన మనిషిది ఒకటి. మొదటిది స్తాథిస్ పెట్టేశాడు. రెండోది కిందటేడే సంఘంలో చేరిన అర్గిరో పెట్టాలి.

“నాలుగు కిలోమీటర్ల దిగుడులో తొమ్మిది బొమ్మ గుళ్ళు ఉన్నాయి. కంప్యూటర్లో రోడ్డు ఫోటోలు చూసి లెక్కపెట్టాను. మనిషి ప్రమాదంలో పోయిన చోటే ఆ గుళ్ళు పెడతారని నాకు తెలీదా గురువుగారూ? తొమ్మిది మంది పోయిన దారిలో నలభై మందిని దింపుతానంటారు!”

“అవన్నీ మా తాతల నాటివి.”

“మీ తాతలకి అంత స్పీడెక్కడిది? గాడిదల మీంచి పడి చచ్చారా?”

కాఫీ హోటలు యజమాని కిసుక్కున నవ్వాడు. స్తాథిస్ నవ్వలేదు.

“మందుల షాపులో కూర్చుని పొద్దస్తమానం రోగాలు వింటావు. నీకన్నీ చావులే కనిపిస్తాయి. లారీల్ని తప్పించుకుని చుట్టు పూర్తి చెయ్యాలంటే మరో దారి లేదు. పద, ఇప్పుడే తొక్కి చూద్దాం. నచ్చకపోతే కాగితం నీ చేత్తోనే చించెయ్.”

మధ్యాహ్నం మూడింటికి కొండ మీదున్నారు. కింద సముద్రం, ఎండకు తళతళలాడుతోంది. అర్గిరోకి అదేం కనిపించలేదు. రోడ్డుకు ఎడమవైపు కంచె లేదని మాత్రం కనిపించింది. భయమేసింది. పైకి చెబితే ఈయన ఏడాదంతా ఏడిపిస్తాడని పళ్ళు బిగించి వెనకే దిగింది.

మొదటి గుడి. ఇనప కాలు మీద పావురాల గూడంత ఉంది. స్తాథిస్ ఒక చెయ్యి వదిలి గుండెల మీద సిలువ గీసుకున్నాడు. రెండో గుడి, మూడో గుడి, అదే పని. లారీలు లేవన్నాడు కానీ, ఆరో మలుపులో ఒకటి వెనకనుంచి ఊడిపడి ఆమె మోచేతిని రాసుకున్నంత పనిచేసి పోయింది. అర్గిరో రెండు బ్రేకులూ నొక్కి, రోడ్డు దిగి, గులకరాళ్ళలో ఆగిపోయింది.

ఆగింది సరిగ్గా ఇంకో గుడి ముందే. దీని దగ్గర స్తాథిస్ సిలువ గీసుకోలేదు. తలైనా తిప్పకుండా దూసుకుపోయాడు.

గుడి కొత్తది. గాజు తలుపు వెనక రెండు నూనె దీపాలు వెలుగుతున్నాయి. చుట్టుపక్కల మనిషి జాడ లేదు. దీపాల మధ్య సాధువు పటం, దాని పక్కన ఒక ఫోటో. పసుపు చొక్కా, నెత్తిన హెల్మెట్, వంకర ముందుపన్ను.

స్తాథిస్.

ఆమె గాజుకి మొహం ఆనించి మళ్ళీ చూసింది. ఇందాక ఆయన కాఫీ తాగాడా? గ్లాసు జరిపాడంతే, తాగడం చూడలేదు. హోటలు యజమాని ఆయనతో ఒక్క మాటైనా అన్నాడా? లేదు, తన మాటకే నవ్వాడు.

“ఆగిపోయావేం అమ్మాయ్?” మలుపు కిందనుంచి స్తాథిస్ గొంతు. “ఏం కాదు, వచ్చెయ్!”

అప్పుడే భుజం మీద ఒక చెయ్యి పడింది. అర్గిరో కెవ్వున అరిచింది.

“అరవకు తల్లీ, నూనె ఒలుకుతుంది.” నల్లబట్టల ముసలమ్మ, చేతిలో సీసా.

“ఈ... ఈ ఫోటోలో ఆయన ఎప్పుడు పోయారమ్మా?”

“నీ నోట్లో మన్ను పడ! పోవడమేంటి? వాడు నా కొడుకు. గుండ్రాయిలా ఉన్నాడు. ఆ కింద అరుస్తున్నది వాడు కాదూ?”

“మరి ఈ గుడి?”

“పట్నం పిల్లవా? మనిషి పోతే పెడతారు, పోబోయి మిగిలినా పెడతారు. నాలుగేళ్ళ కిందట ఇక్కడే లారీ తోసేస్తే ఆ ఆలివ్ చెట్టు కొమ్మల్లో పడ్డాడు. ఒంటి మీద గీత లేదు. మొక్కుకుని నేనే పెట్టించాను. శనివారం శనివారం వచ్చి దీపం వెలిగిస్తాను. ఇప్పుడూ వెలిగించి, నీళ్ళ కోసం అలా పక్కకు వెళ్ళాను.”

“అయితే ఆ పైవి కూడా...”

“సగం మొక్కులే. ఆ మూడోది మా ఊళ్ళో మేకలు కాసే ఆయనది. ఇప్పటికీ రోజూ తాగి తిరుగుతూనే ఉన్నాడు.”

అర్గిరోకి నవ్వొచ్చింది, దాంతో పాటే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. బతికినవాళ్ళందరినీ చచ్చినవాళ్ళ లెక్కలో వేసి, నలభై మంది ప్రయాణం చెడగొట్టబోయింది. పాపం, ఆ పెద్దాయన్ని ఎన్ని మాటలంది! సిగ్గేసింది. చొక్కా వెనక జేబులోంచి కాగితం, పెన్ను తీసి, సైకిలు సీటు మీద పరిచి, స్తాథిస్ పేరు పక్కన బరబరా సంతకం పెట్టేసింది.

“వస్తున్నా గురువుగారూ!” అని కిందికి కేకేసి, సైకిలెక్కుతూ సరదాగా అడిగింది. “ఉన్న కొడుకు ఒక్కడు, దీపాలు రెండెందుకమ్మా?”

ముసలమ్మ సీసాకి మూత పెట్టి, ఆమె చేతిలో ఇంకా సిరా ఆరని కాగితం వంక చూసింది.

“రెండోది ఆ రోజు వాడి వెనక దిగిన పిల్లది తల్లీ. దానికి ఆ చెట్టు అందలేదు. అదీ నీలాగే సంతకం పెట్టడానికే వచ్చింది.”