లబ్ధిదారు పేరు

"ఒక్క పేరు చెప్పండి మేడం. ఒక్కటి చాలు," అన్నాడు డీన్, కలం మూత తీసి.

కౌన్సెలింగ్ ప్రొఫెసరమ్మ చెప్పలేదు. బల్లకి అవతల ఐదుగురు, ఇవతల ఆవిడ ఒక్కతే. మధ్యలో ఆవిడ ఇరవై ఆరేళ్ల ఉద్యోగం బోధన, పరిశోధన, సేవ అని మూడు ఫైళ్లుగా పడుంది. పిల్లలంతా ప్రొఫెసరమ్మ అనే పిలుస్తారు గానీ కాగితాల్లో ఆవిడ ఇంకా అసోసియేటే. నాలుగు నెలల్లో రిటైర్మెంట్. ఈ కమిటీ సరేనంటే ప్రొఫెసరుగా దిగుతుంది, కాదంటే ఆ అసోసియేట్ తోకతోనే ఇంటికి పోతుంది. తోక తెగాలని ఆవిడకి నిజంగానే ఉంది. అందులో దాచుకోవడానికేముంది.

బోధన ఫైలు చులాగ్గా గట్టెక్కింది. ఆవిడ పాఠానికి పక్క డిపార్టుమెంటు పిల్లలు కూడా వచ్చి కిటికీల్లో కూర్చుంటారని అందరికీ తెలుసు. పరిశోధన దగ్గర కాస్త తకరారు వచ్చింది. మనుషుల్లోని వైవిధ్యం మీద ఆవిడ నలభై ఒక్క వ్యాసాలు రాసింది. వేరే భాష వాళ్లు, చూపు లేనివాళ్లు, ముసలివాళ్లు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు కష్టమొస్తే ఎవరి తలుపు తడతారు, ఎవరు తలుపు దాకా వచ్చి వెనక్కి పోతారు అన్నది ఆవిడ విషయం. వృక్షశాస్త్రం ఆయన అన్నీ తిరగేసి, వైవిధ్యం వైవిధ్యం అంటున్నారు గానీ ఇందులో మొక్కల ఊసే లేదని అర మార్కు కోశాడు. ఆవిడ సరేనండీ అంది. జనం చెప్పింది వినీ వినీ ఆవిడకి ఓపిక అలవాటైపోయింది.

సేవ ఫైలు దగ్గర బండి ఆగిపోయింది. ఆ ఫారంలో లబ్ధిదారు పేరు, సంతకం, కౌన్సెలింగుకి ముందు ఫొటో, తరవాత ఫొటో అని నాలుగు గడులున్నాయి. తరవాతి ఫొటోలో నవ్వు స్పష్టంగా కనపడాలని కింద చిన్న అక్షరాల్లో వేసి ఉంది. ప్రొఫెసరమ్మ నాలుగు గడుల్లోనూ 'చెప్పకూడదు' అని రాసింది.

"చెప్పకూడనిదాన్ని మేం లెక్కలోకి ఎలా తీసుకోవాలి?" అన్నాడు డీన్. లబ్ధిదారు లేనిదే లబ్ధి లేదన్నది ఆయన సిద్ధాంతం. పైగా తనకి జన్మలో కౌన్సెలింగు అవసరం పడలేదని, గట్టివాళ్లకి పడదని కూడా సెలవిచ్చాడు.

గదిలో చెప్పుకున్నది గడప దాటకూడదన్నది ఈ వృత్తిలో మొదటి పాఠమని, ఫలానావాళ్లు వచ్చారన్న సంగతి కూడా అందులో భాగమేనని ఆవిడ వివరించింది. సాక్ష్యం కావాలంటే తన గదిలో వారానికి రెండు టిష్యూ పెట్టెలు ఖాళీ అవుతాయి, వచ్చి చూసుకోమంది.

"జలుబు చేసినవాళ్లు కూడా వాడొచ్చుగా," అన్నాడు వ్యాయామ విభాగం పెద్ద.

ప్రొఫెసరమ్మకి ఒళ్లు మండింది. రెండేళ్ల కిందట విజిల్ నోట్లో పెట్టుకుంటే చాలు ఏడుపొస్తోందని ఆవిడ గదికి పదకొండు వారాలు తిరిగిన మనిషి ఇతనే. ఆ ఏడాది ఆటల పోటీలన్నీ చప్పట్లు కొట్టి మొదలుపెట్టించాడు. నాలుగు పెట్టెల టిష్యూలు ఒక్కడే తడిపాడు. ఇప్పుడు విజిల్ మెడలో నిక్షేపంగా వేలాడుతోంది. పక్కనున్న లైబ్రేరియన్ కథ కూడా ఆవిడకి తెలుసు. ప్రొఫెసరమ్మ ఎక్కడ నోరు తెరుస్తుందోనని లోపల బిక్కుబిక్కుమంటూనే, పైకి మాత్రం ఇద్దరూ అందరికంటే గట్టిగా పేరు అడుగుతున్నారు.

ఒక్క వేలు చూపిస్తే చాలు, తోక తెగిపోతుంది. ఆవిడ చెయ్యి లేవబోయింది కూడా. ఆ చేత్తోనే గ్లాసు అందుకుని మంచినీళ్లు తాగింది.

"పేర్లు లేవండీ," అంది.

పదోన్నతి వద్దంటూ ఐదుగురూ చేతులెత్తారు. ముందు లేచిన చెయ్యి విజిల్ ఆయనదే. సేవ రుజువు కాలేదు కాబట్టి పదోన్నతి కుదరదని డీన్ రాసి సంతకం పెట్టాడు.

ఇంటికెళ్లేసరికి భర్త కొత్త నేమ్‌ప్లేటు తుడుస్తున్నాడు. ముందే చేయించి పెట్టుకున్నాడు పాపం. జరిగింది విని, గుడ్డ పక్కన పడేశాడు.

"ఒక్క పేరు చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్మైతే చెప్పేసేదాన్నే. అది వాళ్ల సొమ్ము," అంది ఆవిడ. అని వంటింట్లోకి పోయి కాసేపు కుళ్లి కుళ్లి ఏడ్చింది. ఊరందరికీ టిష్యూలు అందించిన మనిషికి అక్కడ మసిగుడ్డే దొరికింది.

మర్నాడు పొద్దున ఆవిడ గది తెరిచి కుర్చీలు సర్దుతుంటే తలుపు చప్పుడైంది. చూస్తే డీన్. వరండా అటూ ఇటూ చూసుకుని గబుక్కున లోపలికొచ్చి, గడియ తనే పెట్టాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తన నిర్ణయం మార్చుకోవడానికే వచ్చాడని ప్రొఫెసరమ్మ ఆశపడింది. ఆయన మాత్రం ఇక్కడ మాట్లాడింది బయటికి పోదు కదా అని ముందు ఖాయం చేసుకున్నాడు. పోదని ఆవిడ మాటిచ్చాక కుర్చీలో కూలబడి, మూడు టిష్యూలు ఒకేసారి లాగాడు.

"నిన్న ఒకావిడకి చాలా అన్యాయం చేశాను మేడం. తెలిసి తెలిసీ చేశాను. కంటి మీద కునుకు లేదు. ఎవరితోనైనా చెప్పుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది."

ప్రొఫెసరమ్మ టిష్యూ పెట్టెని ఆయన వైపు ఇంకాస్త జరిపింది. తరవాత, వచ్చిన ప్రతివాళ్లనీ అడిగే మెత్తని గొంతుతోనే, ఎవరండీ ఆవిడ అని అడిగింది.

డీన్ ముక్కు తుడుచుకుని, తల అడ్డంగా ఊపాడు.

"పేరు మాత్రం అడక్కండి మేడం. ఆవిడకి తెలిస్తే బాధపడుతుంది."