చూపుతో రాసే తెర

మాట పడిపోయాక అక్కకు నోరు ఆ తెరే. తను ఏ అక్షరం చూస్తే అది పడుతుంది. తెర చదివి వినిపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ నేనే రాసి, అడిగినవాళ్లకల్లా ఊరికే ఇచ్చాను.

"ఏంట్రా ఆ మొహం?" అంది తెర.

"నోటీసొచ్చిందక్కా. చూపుతో రాసే పద్ధతికి ఓ కంపెనీ దగ్గర పేటెంటుందట. మనతో సహా ఎవరూ వాడకూడదట. ఇవాళే తీసేయాలి."

"కనిపెట్టిందెవడట?"

"ఎవడో."

తీసేశాను. తెర నల్లబడింది. అక్క చూపు గోడ మీదికి వెళ్లింది.

పాత ఉద్యోగంలో ఆ కంపెనీకే నేను రాసిచ్చిన పేటెంటు అక్కడుంది. కనిపెట్టినవాడి పేరు నాదే. ఫ్రేము కట్టించింది అక్క. ఆ రోజు వీధంతా తిరిగి చెప్పుకుంది, తన నోటితోనే.